చేపలబుట్ట వెనుకనున్న వారు

(సబ్బవరం సంఘ కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో మాట్లాడేవారు సాధారణముగా గుడి కట్టినవారిని, బడి పెట్టినవారిని, ఎడ్లబండ్ల మీద ఊరూరు తిరిగిన ఉపదేశులను తలచుకొంటారు. ఆ పని మాకంటె బాగా చేయగలవారు ఈ సంచికలోనే ఉన్నారు. మమ్మును మాత్రము చేపను గూర్చి, చేపను పట్టేవారిని, అమ్మేవారిని గూర్చి మాట్లాడమన్నారు. ఈ మాట మన సంఘములో చెప్పగానే కొందరు నవ్వినారు. సబ్బవరం మెట్ట ఊరు. ఇక్కడినుండి సముద్రము కనబడదు, దాని హోరు వినబడదు. 2022 ఏప్రిల్ నుండి మనము విశాఖపట్నం జిల్లాలో కూడ లేము, అనకాపల్లి జిల్లాలోనికి వచ్చినాము. అయినను బుట్టలోని కానగడతలు, నెత్తళ్ళు మన వీధిలోనికి వస్తూనే ఉన్నవి. మన పాలెముల ఆడపిల్లలు తెల్లవారకముందే కంపెనీ వ్యానెక్కి రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్ళుతూనే ఉన్నారు. కనుక మనకు సంబంధము లేని విషయమని మేము అనుకోలేదు.

ముందు వేటను గూర్చి నాలుగు మాటలు. ఒకప్పుడు మన తీరమున తెప్ప, నావ తప్ప వేరే లేవు. తెప్ప మీద ఇద్దరు ముగ్గురు, తెడ్డు, తెరచాప. గాలి వీలైనంత దూరము పోయి రావడమే. 1970లలో విశాఖలో ఫిషింగ్ హార్బరు వచ్చినది, మరపడవలు పెరిగినవి. 1980లలో ఇంకా పెద్ద ట్రాలర్లు వచ్చినవి. విశాఖ నుండి బయలుదేరి బెంగాలు వైపు సాండ్‌హెడ్స్ అనే మేటల వరకు పోయి రొయ్య కొరకు అడుగు తుడిచేవి. రొయ్యకు డాలర్లు వచ్చును, చేపకు రావు. చల్లగదిలో చోటు రొయ్యకే చాలదు. అందుచేత వలలో పడిన తక్కిన చేపను చచ్చినదానిని చచ్చినట్టే మరల సముద్రములో పారబోసేవారు. ఒడ్డున ఒక తట్ట చేప కొరకు ఆడవారు కాచుకొని ఉండగా నడి సముద్రములో తట్టల కొద్దీ పారబోయుట జరిగినది. 1990లు వచ్చేసరికి ఆ కంపెనీలలో చాలా భాగము అప్పులలో మునిగినవి. ఓడలు హార్బరులో తుప్పు పట్టినవి. సముద్రమునకు కలిగిన నష్టము మాత్రము ఏ బ్యాంకు పుస్తకములోను ఎక్కలేదు.

ఇది చూచి ఊరకుండని వారు కొందరున్నారు. వారిలో ఒకరు మనవంటి గుడి మనిషే గనుక కాస్త విపులముగా చెప్పుతాము. కేరళలో ఫాదర్ థామస్ కోచెరి అనే రిడెంప్టరిస్టు గురువు ఉండేవారు. 1940లో పుట్టినారు, 2014లో గతించినారు. తిరువనంతపురం దగ్గరి పూంతురలో జాలరుల నడుమ కాపురముండి, వారితో కలిసి సంఘము కట్టినారు. న్యాయశాస్త్రము కూడ చదివినారు. 1978లో పుట్టిన జాతీయ మత్స్యకారుల ఫోరమ్‌కు తరువాత పెద్ద అయినారు. వారి పోరాటమువల్ల 1988లో కేరళ ప్రభుత్వము వానకాలమున ట్రాలింగును ఆపినది. చేప గుడ్లు పెట్టే దినములలో వల వేయరాదని జాలరి తాతలకు తెలిసిన సంగతినే ప్రభుత్వము చేత ఒప్పించడానికి పదేండ్లు పట్టినది.

1989లో నీటిని కాపాడండి, ప్రాణాన్ని కాపాడండి అని తూర్పు తీరము నుండి ఒక యాత్ర, పడమటి తీరము నుండి ఒక యాత్ర బయలుదేరి మే 1న కన్యాకుమారిలో కలిసినవి. అక్కడ పోలీసు కాల్పులు కూడ జరిగినవి. తరువాత 1991లో కేంద్రము విదేశీ ఓడలకు మన లోతు సముద్రమును తెరిచినప్పుడు, 1994లో దేశమంతట తీరము సమ్మె చేసినది. ఆ ఒత్తిడిమీదనే మురారి కమిటీ వేసి, 1996లో దాని 21 సిఫార్సులు తీసుకొన్నారు. 1997 నవంబరు 21న ఢిల్లీలో అనేక దేశముల మత్స్యకారులు కూడి ప్రపంచ వేదికను కట్టినారు. నవంబరు 21ని ఇప్పుడు ప్రపంచ మత్స్య దినమని మన కలెక్టరు కార్యాలయములు కూడ జరుపుచున్నవి. అది ప్రభుత్వము పెట్టిన పండుగ కాదని, జాలరులు తెచ్చుకొన్నదని వేదికల మీద ఎవరైనా చెప్పగా మేము వినలేదు.

కోచెరిగారిని అందరును మెచ్చుకొన్నారని మేము అనము. గురువుకు సమ్మెలెందుకు, నిరాహార దీక్షలెందుకు అని ఆయన సంఘములోనే అడిగినవారున్నారు. అమెరికాలోని ప్యూ సంస్థ ఇవ్వజూపిన బహుమానమును, ఆ ధనము చమురు కంపెనీతో ముడిపడినదని ఆయన వద్దన్నారు. మనలో ఎందరము అలా అనగలమో మేము చెప్పలేము.

ఆడవారిలో చంద్రికా శర్మగారిని తప్పక తలచుకోవాలి. చెన్నైలో ఉన్న అంతర్జాతీయ మత్స్యకార్మికుల మద్దతు సంస్థకు ఆమె కార్యదర్శిగా ఉండేవారు. ఆ సంస్థ 1986లో తిరువనంతపురంలో పుట్టినది. చేప అంటే పడవ మీది మగవాడు మాత్రమే కాదు, ఒడ్డున ఎండబెట్టే, ఏరే, అమ్మే ఆడమనిషి కూడ అని ప్రపంచ సభలలో ఆమె పట్టుబట్టి చెప్పినారు. 2014 మార్చి 8న కనబడకుండా పోయిన మలేషియా విమానములో ఆమె ఉన్నారు. అదే సంవత్సరము జూన్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సభ్యదేశాలు చిన్న మత్స్యకారుల హక్కులను గూర్చిన మార్గదర్శక సూత్రములను ఆమోదించి, వాటిని ఆమెకు అంకితము చేసినవి.

ఇక మన తీరమునకు వస్తాము. మన రాష్ట్రములో 1994 నాటి సముద్ర చేపలవేట నియంత్రణ చట్టము ఉన్నది. దానినిబట్టి ఒడ్డు నుండి 8 కిలోమీటర్ల వరకు తెప్పలవారిది, మరపడవలు ఆపైన. తూర్పు తీరమున ఏటేటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవలకు, ఇంజిను పడవలకు వేట నిషేధము. పూర్వము ఇది ఇన్ని దినములు లేదు, 2015 నుండి పెంచినారు. ఆ రెండు నెలలకు ప్రభుత్వము కుటుంబమునకు 2019 నుండి 10,000 రూపాయలు ఇచ్చినది, 2025లో దానిని 20,000 చేసినది. మంచిదే. కాని ఆ సాయము వేటకు పోయేవారి లెక్కను పట్టి వచ్చును. బుట్ట నెత్తిన పెట్టుకొని మన వీధికి వచ్చే ఆమె పేరు ఆ లెక్కలో లేదు. పడవ ఆగితే ఆమె బుట్ట కూడ ఆగును గదా.

చట్టమున్నను తగవు తీరలేదు. 2022 జనవరిలో విశాఖ పెదజాలరిపేట దగ్గర రింగు వలల మీద ఎంత గొడవ జరిగినదో మీరు పత్రికలలో చదివే ఉంటారు. రింగు వల అంటే చేపల మందను చుట్టుముట్టి, అడుగున తాడు లాగి సంచి మూతివలె బిగించే పెద్ద వల. ఒక్క చుట్టులో మంద అంతా వచ్చును, పిల్ల చేప కూడ వచ్చును. ఆ వల లేనివారు అడ్డుకొన్నారు, ఉన్నవారు తిరగబడినారు, పడవలు తగులబడినవి, పోలీసులు దిగినారు. 8 కిలోమీటర్లకు ఆవల, నిబంధనల ప్రకారమైన కన్నుతో అయితే వేయవచ్చునని ప్రభుత్వము చెప్పినది. పట్టణములోని పెద్దమనుషులు దీనిని జాలరి మోటుతనమన్నారు. ఆ మాట మాకు నచ్చలేదు. రింగు వల వేసినవాడు దానికి లక్షలు అప్పు తెచ్చినాడు, ఆ అప్పు దగ్గర చేప దొరికితేనే తీరును. వేయనివానికి దగ్గరి చేప తప్ప వేరే లేదు. ఇద్దరును ఒకే కులము, చాలాచోట్ల వియ్యమందినవారే. వలకు కన్ను ఎంత ఉండాలో కాగితము మీద వ్రాయుట సులభము. దానికి తగిన వల కొనడానికి చిన్నవానికి అప్పు ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న.

తాబేలు సంగతి కూడ ఇటువంటిదే. పుష్యమాఘములలో మన తీరమునకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్ట వస్తవి. అవి ఊపిరి కొరకు పైకి రావాలి. ట్రాలు వలలో చిక్కితే రాలేక చచ్చును. వల మెడలో ఇనుప ఊచల చట్రము ఒకటి పెట్టితే రొయ్య ఊచల సందున సంచిలోనికి పోవును, తాబేలు ఊచలకు తగిలి పైనున్న తలుపు గుండా బయటపడును. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్టు దీనిని చేసినది. 1996 నుండి అమెరికా ఈ చట్రము లేని దేశముల సముద్రపు రొయ్యను కొనమన్నది. భారతదేశము మరి మూడు దేశాలతో కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో దావా వేసినది, 1998లో తీర్పు వచ్చినది. తగవు అంతటితో పోలేదు. 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యను మరల ఆపినది. చట్రము పెట్టితే పట్టులో కొంత పోవునని పడవవారి బాధ. పోయినదానిని ఎవరు భరించాలని అడిగితే, తాబేలును ప్రేమించే పెద్ద దేశాలు గాని, ఎగుమతిదారులు గాని మాట్లాడరు.

అచ్యుతాపురం మండలములోని తంతడి తీరమున 2021 డిసెంబరులో ఒక తిమింగల సొర వలకు చిక్కి ఒడ్డుకు వస్తే, అటవీ శాఖవారు, జాలరులు కలిసి దానిని ప్రాణముతో మరల సముద్రములోనికి పంపినారు. వల చిరిగిన నష్టము ముందు ఎవరిదో ఆ పడవవానిని అడిగితే తెలియును. అయినను పంపినాడు.

సముద్రము మీద జాలరికి హక్కున్నను తీరము మీద నిలువ చోటు లేకుండ పోవుచున్నది. గంగవరం, దిబ్బపాలెం వారు ఓడరేవు కొరకు తమ ఒడ్డును వదులుకొన్నారు. 2009లో ఓడలు వచ్చినవి. మందుల ఫ్యాక్టరీల నీరు గొట్టము గుండా సముద్రములో కలియుట మీద తిక్కవానిపాలెం వైపు వారు ఏండ్ల తరబడి మొరపెట్టినారు. 2025లో మన జిల్లాలోనే నక్కపల్లి మండలం రాజయ్యపేట మత్స్యకారులు బల్క్ డ్రగ్ పార్కు వద్దని వారాల తరబడి దీక్షలు చేసినారు. ఇక్కడ వేట సాగక ఉత్తరాంధ్ర కుర్రవాళ్ళు గుజరాతు వేరావల్‌కు కూలికి పోవుచున్నారు. 2018 నవంబరులో అటువంటివారిని పాకిస్తాను పట్టుకొన్నది. 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటి ఇండ్లకు వచ్చినారు. సముద్రము ఎదుట పుట్టినవాడు వేరొకరి సముద్రములో కూలి చేయుటయే అన్యాయము. ఆపైన చెర.

రొయ్యల చెరువులు వేరే కథ. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి మన కోస్తా రైతులను ముంచినది. ఉప్పునీరు ఊటలై పక్క పొలములు, మంచినీటి బావులు చెడిపోవుచున్నవని తమిళనాడు సర్వోదయ నాయకులు ఎస్. జగన్నాథన్‌గారు సుప్రీంకోర్టుకు వెళ్ళినారు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చినది. తీరమునకు దగ్గరి చెరువులను తొలగించమన్న ఆ తీర్పు పూర్తిగా అమలు కాలేదు. చివరకు 2005లో పార్లమెంటు వేరే చట్టము చేసినది. 2009లో వనామి రకము వచ్చిన తరువాత చెరువులు మరల పెరిగినవి. 2023-24లో భారతదేశము 17,81,602 టన్నుల సముద్రోత్పత్తులను 60,523 కోట్ల రూపాయలకు పైగా అమ్మినది. అందులో రొయ్యలకే 40,000 కోట్లు. అందులో పెద్ద వాటా మన రాష్ట్రానిది. విశాఖ రేవు ఈ సరుకుకు దేశములో ముందు వరుసలో ఉన్నది.

ఇక్కడ ఒక మంచి పని జరిగినది. దానిని గూర్చి ఎక్కువమందికి తెలియదు. 2002లో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో చిన్న రైతులు కొందరు ఎంపెడావారి సాయముతో ఆక్వా క్లబ్బు అని ఒక కూటమి పెట్టుకొన్నారు. అంతవరకు ఎవరి చెరువు వారిదే. ఒకని చెరువులో తెగులు వస్తే రాత్రికి రాత్రి ఆ నీటిని కాలువలోనికి వదిలేవాడు. తెల్లవారి పక్కవాడు అదే నీటిని తోడుకొనేవాడు. ఒక్కని భయము వల్ల పదిమంది మునిగేవారు. క్లబ్బు పెట్టిన తరువాత కట్టుబాటు చేసుకొన్నారు. అందరును ఒకేసారి చెరువు ఎండగట్టాలి. పిల్లను పరీక్ష చేయించి కలిసి కొనాలి, కొంటే ధర కూడ తగ్గును. తెగులు వస్తే దాచక చెప్పాలి, చెప్పకుండ నీరు వదలరాదు. నిషేధించిన యాంటీబయోటిక్కులు వాడరాదు. ఇవి పెద్ద సైన్సు కాదు, పొరుగువాని మాట. దీని ఫలము చూచి 2007లో కాకినాడలో నాక్సా అనే సంస్థను పెట్టి, ఈ క్లబ్బులను ఇతర జిల్లాలకు, రాష్ట్రాలకు వ్యాపింపజేసినారు. మన విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు 2007లో సముద్రములోనే పంజరము దింపి పండుగప్ప పెంచి చూపినారు, అదియు చెప్పదగినదే. కాని మాకు మొగల్తూరు రైతుల కట్టుబాటే పెద్దదిగా తోచినది. ఒకరినొకరు నమ్ముట యంత్రము కంటె కష్టము.

రైతు బాగుపడినంత మాత్రాన కూలి బాగుపడునా? 2024 మార్చిలో అమెరికాలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ మన రాష్ట్రపు రొయ్యల పనివారితో మాట్లాడి ఒక నివేదిక తెచ్చినది. తక్కువ కూలి, అప్పు కట్టుదల, వొలుపు షెడ్లలో ఆడవారి అవస్థ, పిల్లల పని అని అందులో వ్రాసినారు. ఎగుమతిదారులు, ఎంపెడావారు అది నిజము కాదన్నారు. మేము తీర్పరులము కాము. కాని మన పాలెముల పిల్లలను అడిగినాము. పేర్లు వద్దన్నారు, ఫ్యాక్టరీ పేరు కూడ మేము చెప్పము. మంచునీటిలో చేతులు పెట్టి పెట్టి వ్రేళ్ళు తెల్లబడి చర్మము ఊడును. పని ఉన్న దినము రాత్రి వరకు, లేని దినము గేటు నుండి వెనుకకు. జీతము ఇచ్చేది కంపెనీ కాదు, మేస్త్రీ. పీఎఫ్ కోసినట్టు చీటీలో ఉన్నది, నంబరు అడిగితే లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకమును 50 శాతమునకు పెంచినప్పుడు, కంపెనీ వారి నష్టము పత్రికలలో పెద్ద అక్షరములతో వచ్చినది. ఈ పిల్లలకు వ్యాను రావడము మానినది. అంతే, అది వార్త కాలేదు.

అలాగని ఆ ఫ్యాక్టరీలు మూయాలని వారు కోరలేదు, మేము కోరము. ఒక పిల్ల మాతో ఇలా అన్నది, "నా జీతముతోనే మా తమ్ముడు పాలిటెక్నిక్ చదువుతున్నాడండి. పని పోవాలని కాదు, చీటీ సరిగా ఉండాలని." అందుచేత మన స్త్రీల సమాజము వారు ఆదివారము సాయంత్రము బడి గదిలో జీతపు చీటీలు చదివిపెట్టుట మొదలుపెట్టినారు. పీఎఫ్, ఈఎస్ఐ, ఓవర్‌టైము అంటే ఏమిటో ముందు వారే నేర్చుకొన్నారు. మన ఊరిలోనే దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయము ఉన్నది. ఆ విద్యార్థులను పిలిచి అడుగుటకు మొగమాటమెందుకు?

ఇక చివరిది, చాలా చిన్నది, కాని మన కమిటీలో ఎక్కువసేపు తగవు దీని మీదనే జరిగినది. హార్బరు నుండి చేప తెచ్చే ఆడవారు మన గుడి గోడ ప్రక్కన రోడ్డు అంచున కూర్చుంటారు. వారు వేలములో తట్ట పాడుకొని, ఐసు కొని, ఆటోకు ఇచ్చి, ఇక్కడికి వచ్చేసరికి ఎండ పైకెక్కును. వారిలో ఒకామె, "బాబూ, ఐసు కరిగితే నా లాభము కరిగినట్టే, మధ్యాహ్నము దాటితే మీరు అడిగినదే ధర" అన్నది. మనము ఆ వేళ చూచి బేరమాడుట తెలివి అనుకొంటాము. చాటుకు పోవ చోటు లేక వారు పొద్దుననుండి నీళ్ళు త్రాగకుండ ఉంటారట. గుడి ఆవరణలో తూర్పువైపు రేకుల చావడి వారమునకు ఆరు దినములు ఖాళీగా ఉన్నది, ప్రక్కనే కుళాయి, మరుగుదొడ్డి ఉన్నవి. దానిని మధ్యాహ్నము వరకు వారికి ఇద్దామని స్త్రీల సమాజము అడిగినది. వాసన వచ్చునని, ఈగలు ముసురునని, ప్రార్థనకు వచ్చేవారికి ఇబ్బంది అని పెద్దలు కొందరన్నారు. వాసన వచ్చుట నిజమే. నీళ్ళు పోసి కడుగుటకు మనిషి కావాలి, దానికి నెలకు ఖర్చున్నది. యువజనులు వంతులు వేసుకొని కడుగుతామని పేర్లు ఇచ్చినారు. ఒక పాత ఐసు పెట్టె కూడ దొరికినది, మూత బాగుచేయించాలి.

విషయము వచ్చే కమిటీ కూటమి ఎదుట ఉన్నది. ఓటు గలవారు చాలమంది ఈ సభలోనే కూర్చున్నారు.